మొదట కనిపించిన డిస్కు

అంజినప్ప మామ వచ్చేసరికి నేను సంగటి కెలుకుతున్నాను. గిన్నె కింద దించి, పాదాలకు పాతగుడ్డ చుట్టుకుని గిన్నెను రెండువైపులా అదిమిపట్టి, కట్టెను రెండు చేతులతో తిప్పుతున్నప్పుడు మధ్యలో లేవడానికి ఉండదు. లేస్తే పిండి ఉండలు కడుతుంది. "తలుపు తీసే ఉంది మామా" అని అక్కడి నుంచే అన్నాను.

"ఏం పాపా, సంగటి వాసన బస్టాండు దాకా కొడతాండాది. దానెంబడే వచ్చేసినా. ఆటోగూడా పట్టలా" అంటూ ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"వాసన కాదులే మామా, పని పట్టుకొచ్చింది నిన్ను" అన్నాడు మా అన్న ప్రతాప్, ముందు గదిలో కంప్యూటర్ల మధ్య కూర్చుని.

"పనిలేకుంటే రాగూడదేమప్పా?"

"రావచ్చు. ఎప్పుడన్నా వచ్చినావా?"

అంజినప్ప మామ గట్టిగా నవ్వాడు. ఆయనకు పుంగనూరులో ఫోటో స్టూడియో ఉంది. మాకు చుట్టం కాదు. అన్న చేసిన పెన్‌డ్రైవ్ కోసం మొదటిసారి వచ్చినప్పుడు మా ఇంట్లో సంగటి తిన్నాడు, అప్పటి నుంచి మామ అయ్యాడు. పుంగనూరు నుంచి కుప్పం దాకా చాలా పెళ్ళిళ్ళకు ఆయన కెమెరాలే పోతాయి.

ఆ పెన్‌డ్రైవ్ సంగతి చెప్పాలి. అన్న అంగళ్లులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ చూసుకుంటాడు. గదినిండా ఉన్న కంప్యూటర్లలో ఒక్కొక్కదానికీ విడివిడిగా అన్నీ ఎక్కించుకుంటూ పోతే సెలవులు సరిపోవు. అందుకని ఒక కంప్యూటర్‌ను బాగా తయారుచేసి, దాని డిస్కులో ఉన్నదంతా ఉన్నట్టే అచ్చు తీసి, మిగతావాటి డిస్కుల్లో పోస్తారు. బెల్లం పాకం అచ్చుల్లో పోసినట్టే. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ యూరప్‌లో ఒకాయన రాశాడు. రాసి, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి అని అందరికీ వదిలేశాడు. అన్న దాన్ని తీసుకుని, మన ఊళ్ళలో ఉండే పాత కంప్యూటర్లకు సరిపోయేలా మార్చి, చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేలా చేశాడు. దానికి 'అచ్చు' అని పేరు పెట్టాడు. తెలుగు మెనూ మాటలు నేను రాశాను. ఇప్పుడు మదనపల్లెలో ఉంటున్నా, మాది తంబళ్లపల్లె పక్క ఊరు, నేను చదివింది ఆ ఊరి బడిలోనే. అక్కడి పిల్లకాయలు చదివినా అర్థమయ్యేలా ఉండాలని అన్న అన్నాడు. అలాగే రాశాను.

పెన్‌డ్రైవ్ ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకుంటూ పోయింది. మదనపల్లె నెట్ సెంటర్లు, పుంగనూరు జిరాక్స్ షాపులు, కుప్పంలో కంప్యూటర్ నేర్పేవాళ్ళు. ఎంతమంది వాడుతున్నారో మాకు లెక్క తెలియదు. చెడిపోయినప్పుడు ఫోన్ చేస్తారు, అప్పుడు తెలుస్తుంది.

ఈమధ్య ఫోన్లు ఎక్కువయ్యాయి. కొత్త కంప్యూటర్లకు అచ్చు పెన్‌డ్రైవ్ పెడితే 'డిస్కు కనబడలేదు' అని తెర మీద వస్తోంది. కొత్తవాటిలో డిస్కులు మారిపోయాయి. అరచేతి వెడల్పు పెట్టెకు బదులు చూయింగ్ గమ్ రేకులాంటి పలచటి ముక్క ఉంటుంది. మా పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాత లైనక్స్‌కు, అంటే కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్‌కు, అదేమిటో తెలియదు. దాన్ని కొత్తది చేయాలి. యూరప్ ఆయన అది చేయడం లేదు. ఇక నేను చూడలేను, ఎవరైనా తీసుకోండి అని రాసి, ఆ తర్వాత ఏ ప్రశ్నకూ బదులివ్వలేదు. ఎవరూ తీసుకోలేదు. అన్న కూడా తీసుకున్నానని ఎక్కడా చెప్పలేదు. కానీ ఇక్కడ అందరూ అది ప్రతాప్ చేసిందే అనుకుంటారు.

"కొత్త కంప్యూటరు దించినానప్పా" అన్నాడు అంజినప్ప మామ, నేను పెట్టిన సంగటి ముద్దకు మధ్యలో గుంట చేసి పప్పు పోసుకుంటూ. "పాతదాంట్లో ఒక వీడియో తెరిస్తే నేను టీ తాగొచ్చినా అది తెరుచుకోదు. మన అచ్చు పెడితే కొత్తది డిస్కు లేదంటాండాది. డిస్కు లేకుండా కంప్యూటరు ఎవుడన్నా అమ్ముతాడా?"

"డిస్కు ఉంది మామా. మనదానికి కనబడలేదు. నేను మారుస్తాండా. ఇంకా కాలేదు."

"దశమి లోపల అయితాదా?"

అన్న ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "ఇంకో పది రోజులు ఆగరాదా? ఒక్క కంప్యూటర్లోనే పెట్టి చూసినా. వేరే కంపెనీలవాటిలో చూడల్ల."

"ఆగుదునప్పా, గానీ కుప్పం సావిత్రమ్మ ఉండాది సూడు, ఆయమ్మ రోజూ ఫోన్ సేస్తాండాది."

సావిత్రమ్మ ఎవరో ఆ రోజే విన్నాం. శ్రావణంలో ఆమె కూతురి పెళ్ళికి అంజినప్ప మామే వీడియో తీశాడు. పెళ్ళయిన కొద్ది రోజులకే ఆమె భర్త చిన్నస్వామి మల్బరీ తోటలో ఆకు కోస్తూ కూలబడిపోయాడు. ఆస్పత్రికి తీసుకుపోయే వేళ కూడా దొరకలేదు.

"ఫోన్లలో ఎవురూ తీయలేదా?" అని అడిగాను.

"తీసినారు పాపా. అందరూ పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ తీసినారు. ఆయన యాడ నిలబడినాడని? పొద్దున్నుంచీ భోజనాలకాడే. నేను రెండో కెమెరాను ఆడ స్టాండు మీద పెట్టినా. ఆయనొచ్చి దానిముందర నిలబడి శానాసేపు మాట్లాడినాడు. ఒక్క మనిషే, కెమెరాతో."

"ఏం మాట్లాడినాడు?"

"ఎవురికి తెలుసు? నేను తాళిబొట్టుకాడ ఉంటి. దూరం నుంచి చేతులాడిస్తాంటే సూసినా అంతే. ఇంటికొచ్చినాక వినొచ్చులే అనుకుంటి. పాత కంప్యూటరు దాన్ని తెరవనే లేదు." ఆయన చేయి కడుక్కుని వచ్చి మళ్ళీ అన్నాడు. "ఆయన పోయినాక ఆయమ్మకు ఒక మాట సెప్పినా. 'మీ ఆయన మాట నాకాడ ఉండాదమ్మా' అని. ఇంగ సూడు, ఆ మాటకే ఆయమ్మ బతుకుతాండాది."

అన్న, "దశమి పొద్దున పెడతావా?" అని అడిగాడు.

"మిషన్లన్నీ నవమినాడు పూజలో పెట్టి, దశమినాడు ఎత్తుకోవల్లప్పా. మా నాయన రీలు కెమెరా కాలం నుంచీ అంతే."

దసరా సెలవుల్లో అన్న కాలేజీ నుంచి ఒక కొత్త కంప్యూటర్‌ను అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. రెండు రోజులు దాని ముందే కూర్చున్నాడు. కొత్త లైనక్స్ పెడితే పెన్‌డ్రైవ్‌లో పట్టలేదు. పట్టేలా తగ్గిస్తే తెలుగు అక్షరాలు గళ్ళుగళ్ళుగా వచ్చాయి. అక్షరాలు సరిచేస్తే కొత్త కంప్యూటర్ ఈ పెన్‌డ్రైవ్‌ను నేను నమ్మను అని తెరవనే లేదు. దానికి ఒక సంతకం లాంటిది ఉండాలట. ఒకటి బాగుచేస్తే ఇంకొకటి విరిగేది. పక్కనే కూర్చుని, ఏది వచ్చింది, ఏది రాలేదు అని నేను కాగితం మీద రాసుకుంటూ ఉన్నాను.

ఒకసారి అన్న తెర మీద ఒక చోట వేలు పెట్టి, "ఇది సూడు" అన్నాడు. "ఒక్క డిస్కే కనబడితే ఏదని అడగకుండా దాన్నే తీసుకుంటాంది. ఆ కాలంలో కంప్యూటరుకు ఒకటే డిస్కు కదా, అందుకని అట్ల రాసినాడు. దీన్ని మార్చల్ల."

"మారుస్తావా?"

"దీన్ని ముట్టుకుంటే మెనూ అంతా మళ్ళీ రాయల్ల. దశమి కానీ."

నవమి ముందు రోజు మధ్యాహ్నానికి కొత్త కంప్యూటర్‌లో డిస్కు కనబడింది. అచ్చు పోస్తే సాఫీగా దిగింది. అన్న లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. స్టూడియోకు కావలసిన సాఫ్ట్‌వేర్లన్నీ ఉన్న అచ్చును కూడా అదే పెన్‌డ్రైవ్‌లో వేసి, నేను కాగితంలో పొట్లం కట్టాను. పుంగనూరు బస్సు కండక్టరుకు ఇస్తే బస్టాండులో అంజినప్ప మామ తీసుకున్నాడు. మందులైనా, పట్టుచీరైనా, పెన్‌డ్రైవ్ అయినా మా దగ్గర అలాగే పోతాయి.

సాయంత్రం అన్న ఆయనకు ఫోన్ చేసి చెప్పాడు. "మామా, ఒకటి గుర్తు పెట్టుకో. అచ్చు పోసేటప్పుడు వేరే డిస్కులేవీ తగిలించి ఉండగూడదు. పీకెయ్యి. పెన్‌డ్రైవ్ ఒకటే ఉండల్ల."

"అట్లనేప్పా. ఎన్ని తూర్లు సేసినా నేను!"

దశమినాడు పదకొండు గంటల ప్రాంతంలో ఫోన్ వచ్చింది. నేను గడపకు పసుపు రాస్తున్నాను. అన్న స్పీకర్ పెట్టాడు. వెనక నుంచి డప్పుల మోత వినిపిస్తోంది.

"అయిపోయింది అని వచ్చిందప్పా. మన పాప రాసిందే, 'పని అయిపోయింది' అని. గానీ కంప్యూటరు పైకి లేయలేదు. నల్లగా నిలబడిపోయింది. షాపోడు నాకు దెబ్బకొట్టినాడేమో!"

అన్న ఫోన్ చేతిలోకి తీసుకుని, "మామా, ఇంకేమీ చేయొద్దు. దేన్నీ ముట్టుకోవద్దు. నేను వస్తాండా" అన్నాడు. నావైపు తిరిగి, "నువ్వు కూడా రా" అన్నాడు.

బస్సులో అన్న కిటికీ వైపు కూర్చున్నాడు. దారిలో లారీలకు, ట్రాక్టర్లకు అరటి పిలకలు కట్టి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. మా బస్సు ముందు అద్దం మీద కూడా చామంతి దండ అడ్డంగా వేలాడుతోంది.

స్టూడియో ముందు పగలగొట్టిన గుమ్మడికాయ ముక్కలు ఎర్రగా పడి ఉన్నాయి. లోపల ఒక బల్ల మీద కొత్త గుడ్డ పరిచి, కెమెరాలు, లైట్లు, స్టాండ్లు, కొత్త కంప్యూటర్, అన్నీ వరసగా పెట్టాడు. ఒక్కొక్కదానికీ గంధం, కుంకుమ. అన్నిటినీ కలుపుతూ ఒకే పసుపు దారం చుట్టాడు. దారం చివర, అరచేతి వెడల్పున్న నల్లటి డిస్కు ఉంది. దాని మీద కూడా బొట్టు పెట్టాడు. దాని తీగ కొత్త కంప్యూటర్‌కు గుచ్చి ఉంది.

నేను ఆ తీగను చూశాను. ఆ తర్వాత అన్నను చూశాను. అన్న చూపు కూడా అక్కడే ఆగిపోయింది.

"రాండప్పా, రా పాపా. బొరుగులు తీసుకో" అంటూ అంజినప్ప మామ పళ్ళెం ముందుకు జరిపాడు. "ఇది సూడు, మొండికేసింది. దశమిపూట నా పరువు తీస్తాంది."

"మామా, ఈ డిస్కు..." అన్నాడు అన్న.

"ఇదా? పాత కంప్యూటర్లో ఉండేదంతా దీంట్లోకి ఎత్తేసినా. పాతదాన్ని ఎక్స్ఛేంజిలో ఇచ్చేస్తి గదా. అన్ని పెళ్ళిళ్ళూ దీంట్లోనే ఉండాయి."

"పీకెయ్యమని చెప్పినా కదా మామా."

"సెప్పినావు. గానీ పూజలో ఉండాది గదప్పా. దారం కట్టినాక అయ్యోరొచ్చి హారతి ఇచ్చేదాకా కదిలీగూడదు. అయ్యోరేమో అంగడి అంగడికీ తిరగతాండాడు, ఆడేమో దుర్ముహూర్తం వస్తాండాది. పెన్‌డ్రైవ్ గుచ్చితే కదిలించినట్టు కాదు గదా అని గుచ్చినా. డిస్కు దానిపాటికి అది ఉంది. దాన్ని మనం ముట్టుకోనేలేదే!"

"దీంట్లో ఉండేదంతా పోతుంది, సరేనా అని అడిగిందా?"

"అడిగింది. ఎప్పుడూ అడిగేదే గదా. సరే అని కొట్టినా."

అన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టి ఏమేమో చూశాడు. నేను వెనక నిలబడి చూశాను. అంజినప్ప మామ కొన్న కంప్యూటర్‌లో ఆ చూయింగ్ గమ్ రేకులాంటి డిస్కు ఉంది. కానీ ఆ కంపెనీ వాళ్ళు దాన్ని ఇంకొక చిప్పు వెనక దాచిపెట్టారు. మేము ఇంట్లో చూసిన కంప్యూటర్‌లో అలా లేదు. అన్న పెట్టిన కొత్త లైనక్స్‌కు కూడా ఆ డిస్కు కనబడలేదు. కనబడింది ఒక్కటే. బొట్టు పెట్టిన ఆ పాత డిస్కు. ఒక్కటే కనబడితే అడగకుండా దాన్నే తీసుకోవాలని యూరప్ ఆయన ఎప్పుడో రాసి పెట్టాడు. అది అలాగే తీసుకుంది.

అన్న అంతా నెమ్మదిగా చెప్పాడు. అంజినప్ప మామ బొరుగుల పళ్ళెం చేతిలో పట్టుకునే విన్నాడు. విన్నాక కూడా ముఖంలో పెద్ద మార్పేమీ లేదు.

"సరేలే, మళ్ళీ ఎనక్కి తెప్పియ్యి" అన్నాడు.

"ఎనక్కి రాదు మామా."

"అదేందప్పా? నువ్వు సేసిందే గదా. సేసినోడికి ఎనక్కి తీసేది తెల్దా?"

అన్న తల దించుకున్నాడు. "పలకను తడిగుడ్డతో తుడిస్తే పాత గీతలు కొంచెం కనబడతాయి మామా. తుడిచి దానిమీద ఇంకొకటి రాసేసినాం. మీద రాసినంత మేర ఏమీ దొరకదు. మిగతాచోట ఏదైనా మిగిలిందేమో వెతకల్ల."

అప్పుడు అంజినప్ప మామ పళ్ళెం కింద పెట్టాడు. బల్ల దగ్గరకు పోయి డిస్కు మీద చెయ్యి పెట్టాడు. ఇంతలో పూజారి వచ్చాడు. చేతిలో హారతి పళ్ళెం, వెంట ఎవరో గంట పట్టుకుని ఉన్నారు. "ఏం అంజినప్పా, కొత్త మిషనా? బాగుండాది, బాగుండాది" అంటూ అన్నిటికీ వరసగా హారతి చూపించాడు. డిస్కుకు కూడా చూపించాడు. మేం ముగ్గురం కళ్ళకద్దుకున్నాం.

డిస్కును నా చున్నీలో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకుని మదనపల్లెకు తీసుకొచ్చాను.

పోయిన ఫైళ్ళను వెతికే సాఫ్ట్‌వేర్లు వేరే ఉన్నాయి. అన్న ఒకటి పెట్టాడు. అది డిస్కంతా మొదటి నుంచి చివరిదాకా చూసుకుంటూ పోతుంది, ముక్కలు దొరికితే తీసి పక్కన పెడుతుంది. పేర్లు ఉండవు, తేదీలు ఉండవు. కరెంటు పోయినప్పుడల్లా బ్యాటరీ అయిపోతుందేమోనని కూర్చోవాల్సి వచ్చేది. సెలవులు అయిపోయి అన్న కాలేజీకి పోయినప్పుడు నేను కూర్చున్నాను. ఎవరెవరివో పెళ్ళిళ్ళు వచ్చాయి. తలంబ్రాలు, బాసికాలు, ఎవరో పాప ఏడుపు ముఖం. కొన్ని ఫోటోలు పైసగం ఉండి కిందసగం బూడిద రంగులో వచ్చాయి. నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా ఒక్కొక్కటీ తెరిచి చూశాను.

అంజినప్ప మామ కెమెరా కార్డుల్లో వెతకమన్నాడు. అన్నీ తీసుకొచ్చాడు. వాటిలో ఆ తర్వాతి పెళ్ళిళ్ళే ఉన్నాయి. సీజన్‌లో కార్డు ఖాళీ అయితే వెంటనే ఇంకో పెళ్ళికి పోతుంది.

అన్న ఆ ఒక్క చోట మార్చాడు. ఇప్పుడు ఒక్క డిస్కే కనబడినా ఏదో చెప్పి, దాని పేరు రాయమని అడుగుతుంది. మెనూ మళ్ళీ రాయడానికి ఒక పూట కూడా పట్టలేదు. మార్చి, కొత్త పెన్‌డ్రైవ్ తయారుచేసి, అందరూ తీసుకునేలా నెట్‌లో పెట్టాడు. యూరప్ ఆయన పేజీలో కూడా రాశాడు. రాయబోతే, ఇదే సంగతి ఎవరో వేరే దేశం మనిషి మాకంటే చాలా ముందే అక్కడ రాసి ఉన్నాడు. దాని కింద ఎవరి జవాబూ లేదు.

తర్వాత అన్న తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. పాత అచ్చు వాడొద్దు, కొత్తది తీసుకోండి అని. కుప్పంలో వెంకటేష్ అని కంప్యూటర్ నేర్పే ఆయన, "మాకు బాగానే పనిజేస్తాందే, యాల మార్చేది?" అన్నాడు.

"పాతదాంట్లో తప్పుంది సార్. డిస్కు పోతాది."

"మాకు ఏం పోలేదు. పోతే సూద్దాంలేప్పా. మాకాడ్నుంచి ఇంకా శానామంది కాపీ సేసుకోనిపోయినారు. వాళ్ళందరికీ యాడ సెప్పేది?"

అన్న ఫోన్ పెట్టేసి, తర్వాతి నంబరు వెతికాడు.

కార్తీకం మొదట్లో ఒక ఆదివారం సావిత్రమ్మ వచ్చింది. అంజినప్ప మామ వెంటబెట్టుకుని వచ్చాడు. కుప్పంలో తెల్లవారి బయలుదేరి, పుంగనూరులో దిగి ఆయనను కలుపుకుని వచ్చిందట. సన్నటి మనిషి. చేతుల మీద మల్బరీ కొమ్మల గీతలు ఉన్నాయి. నేను నీళ్ళిస్తే తాగి, గ్లాసును తనే కడిగి బోర్లించింది.

అంజినప్ప మామ అంతకుముందే ఆమెకు అంతా చెప్పాడు. అయినా ఆమె సంచిలోంచి ఒక కొత్త పెన్‌డ్రైవ్ తీసింది. ప్లాస్టిక్ ప్యాకెట్ ఇంకా విప్పలేదు.

"దొరికింది దీంట్లో ఎక్కించియ్యప్పా. మా పాప తెచ్చిచ్చింది" అంది అన్నతో.

అన్న నావైపు చూశాడు. తను చూపించలేడని తెలిసి, మౌస్ నేను తీసుకున్నాను.

ఆ పెళ్ళివి మొత్తం మూడో నాలుగో ఫోటోలు వచ్చాయి. పందిరి రంగును బట్టి అంజినప్ప మామ గుర్తుపట్టాడు. వీడియో ఒక్క ముక్క వచ్చింది. భోజనాల దగ్గరి కెమెరాది. తెరంతా పచ్చని గళ్ళు పడుతూ, మధ్యమధ్యలో బొమ్మ నిలుస్తుంది. వరసగా విస్తళ్ళు, ఎవరో సాంబారు పోస్తున్న చెయ్యి. ఆ తర్వాత కుడివైపు అంచున తెల్లచొక్కా భుజం ఒకటి లోపలికి వస్తుంది. భుజం వచ్చీ రాగానే అయిపోతుంది.

"ఆ సొక్కా ఆయనదే" అంది సావిత్రమ్మ. కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఇంకా ముందుకు పోనియ్యి పాపా."

"ఇంతేనమ్మా ఉంది."

"మాట?"

"మాట రాలేదమ్మా" అన్నాడు అన్న. "బొమ్మ ఒక చోట, మాట ఒక చోట ఉంటాయి. మాట ఉండే చోటు తుడిచిపెట్టుకుపోయింది."

ఆమె అంజినప్ప మామ వైపు తిరిగింది. "నువ్వు ఆడనే ఉంటివి గదన్నా. ఒక్క మాటన్నా ఇనపళ్ళేదా?"

"బాజాలమ్మా. తాళి కడతాండారు. నేను దూరంగా ఉంటి." ఆయన చేతులు గాలిలో ఆడించి చూపించాడు. "చేతులాడించినాడు. నవ్వినాడు. ఒకతూరి కండ్లు తుడుసుకున్నాడు. అంతే సూసినా."

"నవ్వినాడా ముందర? కండ్లు తుడుసుకున్నాడా ముందర?"

"తెల్దమ్మా" అన్నాడు అంజినప్ప మామ.

సావిత్రమ్మ కొంగు సరిచేసుకుంది. అన్నను అడిగింది. "ఈ మిషను నువ్వే సేసింటివా అప్పా?"

"మొదట చేసింది వేరే ఆయనమ్మా. దూరదేశం. కొత్త కంప్యూటర్లకు సరిపోయేట్టు నేను మార్చినా."

"అయితే ఆయన్నడగరాదా? సేసిన మనిషికి తెలుసుంటాది గదా."

"అడిగినానమ్మా."

"ఏమన్నాడు?"

"పలకలేదు. ఆయన శానా దినాల నుంచి ఎవురికీ పలకడం లేదు."

ఆమె తల ఊపింది. కోపగించుకుంటుందని నేను చూస్తున్నాను. అన్న కూడా దానికోసమే చేతులు కట్టుకుని ఆమె ఎదురుగా నిలబడ్డాడేమో. ఆమె తెర వైపు తిరిగి, "మళ్ళీ పెట్టు పాపా" అంది.

పెట్టాను. విస్తళ్ళు, సాంబారు పోసే చెయ్యి, పచ్చని గళ్ళు, భుజం.

"మళ్ళీ."

భుజం వచ్చే చోట ఆమె తల కొంచెం పక్కకు వంచుతోంది, తెర అంచు దాటి ఆవల ఏముందో చూడాలన్నట్టు. అంజినప్ప మామ గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. పెన్‌డ్రైవ్ ప్యాకెట్ బల్ల మీద అలాగే ఉంది.

"ఆయన భోజనాలకాడ విస్తరాకు సరిగ్గా లేకుంటే అరిసేస్తాడు పాపా" అంది ఆమె, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "అదే అరిసింటాడు. ఇంకేం మాట్లాడింటాడు? మళ్ళీ పెట్టు."

నేను మళ్ళీ పెట్టాను. నా వెనక కుర్చీ జరిగిన చప్పుడు అయింది. అన్న లేచి, చిలక్కొయ్యకు తగిలించిన చొక్కా తీసి వేసుకున్నాడు. ఫోన్ బల్ల మీదే ఉంది, బండి తాళం కూడా అక్కడే ఉంది. గుమ్మంలో చెప్పులు తొడుక్కుని, ఆమె ఇంకోసారి "మళ్ళీ" అనేలోపే బయటికి వెళ్ళిపోయాడు.